బుట్ట మీద తడి తువాలు

పాఠాలు చెప్పేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. తాము చెప్పే పాఠం లోకంలో అందరికీ వర్తిస్తుంది, తమకు తప్ప. ప్రొద్దుటూరులో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో ఏళ్ళ తరబడి మనస్తత్వశాస్త్రం చెప్పాను కాబట్టి నాకు ఆ జబ్బు బాగా ముదిరిపోయింది. అందులోనూ జ్ఞాపకశక్తి పాఠం వచ్చిందంటే నన్ను పట్టుకోవడం కష్టం. మనిషి ఎందుకు మరిచిపోతాడు, ఎంత మరిచిపోతాడు, మరిచిపోయినదాన్ని ఎలా పూడ్చుకుంటాడు అని రెండు వారాలు చెప్పేదాన్ని. నేను మాత్రం ఏదీ మరిచిపోనని లోపల గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నాకు నేను తెచ్చుకున్నది కాదు, ఇంట్లోవాళ్ళు నూరిపోసింది. ఆరేళ్ళకే ముప్పై పాశురాలు తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. ఏకసంథాగ్రాహి అని మురిసిపోయేవాళ్ళు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఏ పంక్తిలో ఏ కూర అందలేదో పెద్దవాళ్ళు నన్నడిగి తేల్చుకునేవాళ్ళు. చిన్నపిల్లను అంతగా నమ్మకూడదని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

మా కాలేజీకి కంప్యూటర్లు వచ్చిన కొత్త అది. నాలుగే నాలుగు. వాటికి ఒక గది, ఆ గదికి ఏసీ, గుమ్మం దగ్గర చెప్పులు విడవమని బోర్డు. మా నాయన గర్భగుడికి పాటించినంత మడి ఆ గదికి పాటించేవాళ్ళు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగేవి. ఒక వేసవి శిక్షణకు పోయినప్పుడు అక్కడి ప్రొఫెసరు నాకొక ఫ్లాపీ ఇచ్చి, జ్ఞాపకశక్తి మీద ఇందులో అభ్యాసాలున్నాయి, మీ పిల్లలకు చేయించండి, మీరు గంటసేపు చెప్పేది పది నిమిషాల్లో వాళ్ళకే తెలుస్తుంది అన్నారు. దాన్ని చీర మడతల మధ్య పెట్టుకుని పదిలంగా తెచ్చుకున్నాను.

అభ్యాసం చూడ్డానికి చాలా తేలిక. తెర మీద ఒక్కొక్క మాట వస్తుంది, రెండు క్షణాలుండి పోతుంది. అలా పన్నెండు మాటలు. తర్వాత కాసేపు నూరు నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టాలి. ఆ తర్వాత కంప్యూటర్ మళ్ళీ కొన్ని మాటలు చూపించి, ఇది ఇందాక వచ్చిందా లేదా అని అడుగుతుంది. వచ్చిందనుకుంటే ఒక మీట, లేదనుకుంటే ఇంకొకటి. కిటుకు ఏమిటంటే పన్నెండు మాటలూ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. మంచం, దిండు, దుప్పటి, కల, ఆవులింత అన్నీ వస్తాయి, నిద్ర మాత్రం రాదు. అయినా చేసినవాళ్ళలో చాలామంది నిద్ర వచ్చిందనే అంటారు. అనడమే కాదు, ఒట్టు పెట్టి చెప్తారు.

ఇంతా చేసి మా దగ్గర అది పారలేదు. మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. దువ్వూరు నుంచి, వేంపల్లె నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి వచ్చే పిల్లలు తెర మీద మాటను కూడబలుక్కునే లోపల అది మాయమైపోయేది. ఒకమ్మాయి లేచి, మాకు మతిమరుపు లేదు మేడం, ఇంగ్లీషే లేదు అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే కూర్చుని తెలుగు మాటల జాబితాలు తయారు చేశాను. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్‌కు రావు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించాం.

మొదటి జాబితా వంటింటిది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయ, కరివేపాకు, నూనె, బాండలి అన్నీ పెట్టి తిరగవాత అన్న మాట పెట్టలేదు. క్లాసులో ముక్కాలు మంది తిరగవాత చూశామన్నారు. ఒకబ్బాయి అయితే నాకు వాసన గూడా వచ్చింది మేడం అన్నాడు. పాఠం అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఆ ఊపులోనే మరుసటి వారానికి రెండో జాబితా రాశాను. అర్చకుల ఇంట్లో పుట్టినదాన్ని, గుడి మాటలకు వెతుక్కోవాలా. గంట, తులసి, హారతి పళ్ళెం, తీర్థం, పంచపాత్ర, ఉద్ధరిణి, కర్పూరం, కుంది, చామరం, ధూపం, పూలదండ, ప్రసాదం. ఒక్కసారి కూడా కలం ఎత్తకుండా రాసేశాను. రానివ్వకుండా ఆపిన మాట శఠగోపం. దేవుడి పాదాలు పైన ఉండే ఆ వెండి కిరీటాన్ని తల మీద పెట్టించుకోకుండా మన ఊళ్ళలో ఎవరూ గుడి నుంచి బయటికి రారు కదా, తప్పకుండా బోల్తా పడతారనుకున్నాను.

పడ్డారు. పడనిది ఒక్క ప్రొద్దుటూరు సాయిబుల అమ్మాయి. ఆమెకు శఠగోపం అంటే ఏమిటో తెలియదు కాబట్టి రాలేదనే నొక్కింది. చూశారా, తెలియనివాళ్ళు మోసపోలేదు, తెలిసినవాళ్ళే మోసపోయారు, మనసు తనకు తెలిసినదాన్నే తెచ్చి ఖాళీలో పెడుతుంది అని నేను నల్లబల్ల దగ్గర చెప్పుకుపోతున్నాను. దువ్వూరులో అర్చకుల అమ్మాయి ఒకామె ఒప్పుకోలేదు. లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ.

"శఠగోపం వచ్చింది మేడం. గంట పక్కనే ఉన్నింది. నేను కండ్లారా చూసినా."

ఇలాంటివాళ్ళ కోసం నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. నువ్వు అబద్ధం చెప్పడం లేదమ్మా, నువ్వు నిజంగానే చూశావు, కాకపోతే చూసింది ఇందాక కాదు, ఇప్పుడు, నేను అడిగిన తర్వాత అని చెప్తాను. ముందు వారం తిరగవాత చూశామన్నవాళ్ళకూ అదే చెప్పాను. ఆ రోజు ఆ జవాబు చెప్పలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయి అన్న మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఎనిమిదేళ్ళ వయసులో జమ్మలమడుగులో నేను అన్న మాట. మేడంకు తల తిరిగిందనుకుని పిల్లలు నీళ్ళు తెచ్చారు. తాగాను. ఆ పూట క్లాసు అంతే.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. మా బడిలో పటం మార్చలేదు, మాస్టరు పాత పటం మీదే ఎర్ర సిరాతో కొత్త రాష్ట్రం గీశారు. జమ్మలమడుగులో మా వీధి చివర చిన్న గుడికి మా నాయన అర్చకుడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పరిచారకుడు. అంటే నీళ్ళు తేవడం, ప్రసాదాలు వండడం, దీపాలు చూడడం, సామాన్లు తోమడం అన్నీ ఆయన పని. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు అప్పటికి. పిల్లల్లేరు. నేను నడక నేర్చింది ఆయన చిటికెన వేలు పట్టుకునే అని మా అమ్మ చెప్పేది.

ఏకాదశికి ముందు రోజు గుడి సామాన్లన్నీ పెన్నకు తీసుకుపోయి చింతపండుతో తోమి తేవడం మా గుడి పద్ధతి. పొద్దున పూజ అయ్యాక మా నాయన సామాన్లన్నీ వరసగా బయట పెడతాడు. చిన్నాయన వాటిని వెదురు బుట్టలో సర్దుకుని, పైన తడి తువాలు కప్పి, అంచులు సామాన్ల కిందికి దోపి, బుట్ట నెత్తిన పెట్టుకుని పోతాడు. దేవుడి సామాన్లు దారిలో ఎవరి కంటా పడకూడదని ఆ తువాలు. శఠగోపం మాత్రం ఒక్కొక్క నెల బుట్టలో పోయేది, ఒక్కొక్క నెల మా నాయన దాన్ని సన్నిధిలోనే ఉంచి తనే తుడుచుకునేవాడు. దానికొక లెక్క ఉండేది కాదు.

సామాన్లు తిరిగి వచ్చాక మా ఇద్దరికీ ఒక ఆట. మా అరుగు మీద కూర్చుని నేను ఒక్కొక్క పేరు పిలవాలి. ఆయన ఆ వస్తువు ఎత్తి చూపించి, వచ్చినా పాపా అని దాని తరఫున పలకాలి. ఉద్ధరిణికి సన్న గొంతు, గంటకు బొంగురు గొంతు, పంచపాత్రకు ముక్కుతో మాట. శఠగోపం వంతు వచ్చిన నెలలో మాత్రం ఏమీ పలకకుండా తెచ్చి నా తల మీద పెట్టేవాడు. తడిగా, చల్లగా ఉండేది. నాకు ఆ పేర్లన్నీ అలా వరసగా వచ్చేశాయి, ఎక్కాల కంటే ముందే.

ఒక ఏకాదశి ముందు రోజు ఆయన పెన్న నుంచి ఆలస్యంగా వచ్చాడు. నేను పక్కింట్లో ఆడుకుంటున్నాను. ఆ ఒక్క రోజు ఆట ఆడలేదు. సాయంత్రం పూజలో మా నాయన శఠగోపం కోసం చెయ్యి చాపితే అక్కడ లేదు.

పొద్దున వరసలో పెట్టానని మా నాయన అన్నాడు. బుట్టలో రాలేదు, బుట్ట తేలిగ్గా ఉంటే ఈసారి సన్నిధిలోనే పెట్టుకున్నావేమో అనుకున్నానని చిన్నాయన అన్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు. అప్పటిదాకా ఒకరి మాట ఒకరు కాదన్నది లేదు. మరుసటి రోజు ఉదయం ధర్మకర్తలు నలుగురు మండపంలో కూర్చున్నారు. ఆ ముందు రోజు మధ్యాహ్నమంతా గుడి తలుపులు తీసే ఉన్నాయి, వీధిలో పోయేవాళ్ళు సగం మంది నీడకు లోపల కూర్చుని పోయారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. బుట్ట పోయేటప్పుడు అరుగు మీద పాప ఉంది కదా, పాపను అడుగుదాం అన్నారు. మా నాయన గర్వంగానే పిలిచాడు. అది చూసిందంటే మరిచిపోదు అన్నాడు.

ఒక పెద్దాయన నన్ను దగ్గరికి తీసుకుని ఒక్కొక్కటే అడిగాడు. గంట ఉన్నిందా పాపా. ఉన్నింది. పంచపాత్ర. ఉన్నింది. ఉద్ధరిణి. ఉన్నింది. హారతి పళ్ళెం. ఉన్నింది. నాకు మా ఆటలాగే ఉంది. పేర్లు పిలుస్తున్నది నేను కాకపోవడం ఒక్కటే తేడా. శఠగోపం అన్నాడు.

"ఉన్నింది. గంట పక్కనే ఉన్నింది. నేను కండ్లారా చూసినా."

ఇంకొకాయన కొంచెం తెలివైనవాడు. బుట్ట మీద తువాలు కప్పి ఉంటుంది కదా, నీకెట్లా కనపడింది అన్నాడు. గాలికి తువాలు లేసింది అన్నాను. నాకెవరూ నేర్పలేదు. నేను అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు. ఆ మాట అంటుండగానే గాలి వచ్చింది, తువాలు అంచు లేచింది, కింద వెండి తళుక్కుమంది. నేను చూశాను. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళ పైన, ఎప్పుడు తలుచుకున్నా చూస్తూనే ఉన్నాను.

చిన్నాయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకిప్పుడు ఇంత బాధ ఉండదు. ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"పాప చూసిందంటే ఉన్నిందేమోనప్పా. నాకే గుర్తు లేదు," అన్నాడు.

దాన్ని వాళ్ళు ఒప్పుకోలు కింద జమ కట్టారు. పోలీసుల దాకా పోలేదు, గుడి పరువని ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన్ను గుడిలోకి రానివ్వలేదు. వారం తిరక్కముందే చిన్నాయన, పిన్నమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట తీసుకుని పులివెందుల పోయారు. అక్కడ పిల్లల హాస్టల్లో వంటకు కుదిరాడని విన్నాం. వాళ్ళు బస్సుకు బయల్దేరేటప్పుడు నేను అరుగు మీదే ఉన్నాను. ఆయన నాకు చెయ్యి ఊపాడు. దొంగకు చెయ్యి ఊపకూడదని నేను ఊపలేదు.

మా నాయన తర్వాత ఏనాడూ తమ్ముడి పేరు ఎత్తలేదు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది పులివెందుల నుంచి వచ్చే బస్సు కండక్టరు ఒక గోతాం నిండా చీనీకాయలు, అంటే బత్తాయిలు, తెచ్చి మా ఇంట్లో దింపాడు. చిన్నాయన పంపినవి. చీటీ లేదు, కబురు లేదు. మా అమ్మ వాటిని ఒక్కటీ ఉంచుకోకుండా వీధిలో పంచిపెట్టింది. ఏటా వచ్చేవి, ఏటా పంచేది. మా నాయన పోయినప్పుడు చిన్నాయన జమ్మలమడుగు వచ్చి వీధి మలుపులో నిలబడ్డాడు. గడప దాకా రాలేదు, ఎవరూ రమ్మనలేదు. నేనూ అనలేదు. దూరం నుంచే దండం పెట్టుకుని, తిరిగి బస్టాండుకు నడిచిపోయాడు.

ఇదంతా నాకు ఎప్పుడూ గుర్తున్నదే. కొత్తగా ఏమీ గుర్తు రాలేదు. ఆ రోజు క్లాసులో కుర్చీలో కూర్చున్నప్పుడు ఒక్కటే కొత్త సంగతి తట్టింది. తడి తువాలు గాలికి లేవదు. నీళ్ళోడుతూ, అంచులు సామాన్ల కింద దోపిన తువాలు తుఫాను వచ్చినా లేవదు. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలియకపోవచ్చు. ఆ తర్వాత ఎన్ని వేల తడి బట్టలు దండెం మీద ఆరేశాను నేను. ఒక్కనాడూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ రోజు నేను చూసింది బుట్ట మీది తువాలు మాత్రమే. మిగతాదంతా నాకు తెలిసిన పేర్లు.

ఆదివారం పొద్దున బస్సెక్కాను. కావాలనే జమ్మలమడుగు మీదుగా పోయేది ఎక్కాను. వంతెన మీద పెన్న కనిపించింది, నీళ్ళు సన్నగా, ఇసుక ఎక్కువగా. అక్కడి నుంచి పులివెందుల దాకా ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. మనస్తత్వశాస్త్రంలో దీనికొక పేరుంది చిన్నాయనా అని మొదలుపెట్టాలనుకున్నాను. చదువుకున్నవాళ్ళకు ఏడ్వడానికి కూడా ముందు ఒక పేరు కావాలి.

హాస్టల్ వెనక వంటగదికి ఆనుకుని ఒక చిన్న గది. పిన్నమ్మ పోయి రెండేళ్ళయిందట. నాకు తెలియదు, మాకెవరికీ కబురు పెట్టలేదు. ఆయన పీట మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతున్నాడు. డెబ్బైకి దగ్గర పడ్డాడు, జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. రా పాపా అన్నాడు, నేను పక్కింటి నుంచి ఆడుకుని వచ్చినట్టు. మంచినీళ్ళు ఇచ్చాడు, కాఫీ పెడతానని లేచాడు.

పొయ్యి పక్కన గూట్లో చింతగింజలు వరసగా పెట్టి ఉన్నాయి. ఇవేంది చిన్నాయనా అన్నాను, ఆయన ముందు నా నోటికి చిన్నప్పటి యాసే వచ్చింది. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. హాస్టల్ వంటైనా ఆయనది మడి వంటే, నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు. ఉప్పు వేసిందీ లేనిదీ మనసులో ఉండాలి. తన మనసు మీద తనకు భరోసా లేదట. అందుకని ఉప్పు వేసినప్పుడల్లా ఒక గింజ తీసి గూట్లో పెడతాడట. తలుపు తాళం వేసినా అంతే, వేశానా అని పిన్నమ్మను అడిగేవాడట. ఆమె పోయాక ఆ ఆసరా కూడా లేదు.

"నాకు మతి నిలవదు పాపా. ఈ పొద్దు కాదు, శానా ఏండ్ల నుంచి," అన్నాడు.

ఎప్పటి నుంచో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వేం పని చేస్తున్నావని ఆయనే మాట మార్చాడు. కంప్యూటర్ల గురించి, మాటలు వచ్చి పోవడం గురించి, పిల్లలు గుర్తు పెట్టుకుని చెప్పడం గురించి చెప్పాను. కిటుకు మాత్రం చెప్పలేదు. నా సంచిలో ఆ జాబితా కాగితం ఉంది. నీకూ పెడతా అన్నాను. నాకెందుకు పాపా, నా మతి సంగతి చెప్తినే గదా, నాకు పెట్టాకు అన్నాడు. నేను వినలేదు. ఇక్కడ నిజం చెప్పాలి. ఆ పరీక్ష ఆయన కోసం కాదు, నా కోసం. గుడి సామాన్లలో పుట్టి పెరిగిన మనిషి, తప్పకుండా శఠగోపం ఉందంటాడు. అప్పుడు, చూశావా చిన్నాయనా, నీ అంతటివాడే పొరబడ్డావు, ఎనిమిదేళ్ళ దాన్ని నేనెంత అని చెప్పి నా బరువు కొంత ఆయన మీదే దించుకుందామనుకున్నాను. అంత దూరం బస్సెక్కి పోయి నేను చేయబోయిన క్షమాపణ అది.

పన్నెండు మాటలూ నెమ్మదిగా చదివాను. గంట, తులసి, హారతి పళ్ళెం. ఆయన కాయలు తుంచడం ఆపి కళ్ళు మూసుకున్నాడు. చదవడం అయ్యాక కాసేపు చీనీ తోటల గురించి మాట్లాడించాను. తర్వాత ఒక్కొక్కటే అడిగాను. పంచపాత్ర ఉన్నిందా. ఉన్నింది. చామరం. ఉన్నింది. దక్షిణ. లేదు. కర్పూరం. ఉన్నింది. శఠగోపం అన్నాను.

మోకాళ్ళ మీద ఆయన చేతులు కదిలాయి. ఒక్కొక్క వస్తువునూ బుట్టలో నుంచి తీసి పక్కన పెడుతున్నట్టు, ఒకటి తర్వాత ఒకటి, పన్నెండూ తీశాడు. బుట్ట అడుగు తడిమాడు.

"లేదు పాపా. శఠగోపం నువ్వు చెప్పల్యా."

క్లాసు మొత్తంలో, గుడి తెలిసిన ఒక్క మనిషి నోటా నేను వినని జవాబు అది. మతి లేదని చింతగింజలు పేర్చుకుంటున్న మనిషి మతి అంత ఖచ్చితంగా ఉంది. దాని మీద ఆయనకు నమ్మకం చెడగొట్టింది నేను. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పాను. తువాలు తడిగా ఉండిందని, తడి తువాలు గాలికి లేవదని, నేను బుట్టలో ఏమీ చూడలేదని, గంట కూడా చూడలేదని. నీ మాటే నిజం చిన్నాయనా, నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు అన్నాను.

ఆయన నన్ను ఓదార్చలేదు. ఒక గోరుచిక్కుడు కాయ తీసి తుంచాడు. తర్వాత నెమ్మదిగా, నాతో కాకుండా తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. బుట్ట తేలిగ్గా ఉన్నట్టే తనకు గుర్తట. కానీ పాప అబద్ధం ఆడదు, పాపకు మరుపు లేదు, కాబట్టి తప్పు తన మతిదే అయ్యుండాలి అనుకున్నాడట. తనే ఏట్లో తోముతూ ఎక్కడో జారవిడిచి, ఆ సంగతి మరిచిపోయి ఉంటాడని నమ్మాడట. దొంగ అన్న మాట కంటే ఆ అనుమానమే ఆయన్ను ఎక్కువ తినేసింది. పులివెందుల వచ్చాక కూడా ఏడాదికి రెండు మూడు సార్లు, ఏరు ఎండినప్పుడు, పిన్నమ్మకు సంత అని చెప్పి జమ్మలమడుగు పోయేవాడట. మా ఇంటికి రాకుండా నేరుగా పెన్నకు పోయి, తను తోమిన చోట ఇసుక చేతులతో తవ్వి చూసేవాడట. మోకాళ్ళు పోయిన దాకా పోయాడట.

నేను చెయ్యి ఊపని మనిషి నా మాట కోసం అన్నేళ్ళు ఇసుక తవ్వాడు. మమ్మల్ని తిట్టుకుంటూ ఉంటాడనుకున్నాను, శాపనార్థాలు పెడుతుంటాడనుకున్నాను. వాటిని తట్టుకునేలా మనసు గట్టి చేసుకుని పోయాను. నన్ను నమ్మి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

"అయితే పాపా, బుట్ట తేలిగ్గా ఉన్నింది నిజమేనా?"

"నిజమే చిన్నాయనా."

ఆయన లేచి గూటి దగ్గరికి పోయి చింతగింజలన్నీ అరచేతిలోకి ఊడ్చుకున్నాడు. పారేస్తాడనుకున్నాను. పారేయలేదు. అలాగే పిడికిట్లో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా వైపు తిరిగాడు. ఆ మొహంలో సంతోషం కూడా ఉంది, అదే నాకు మరీ కష్టమైంది.

"ఈ మాట మీ నాయనకు ఎవరు చెప్తారు పాపా?" అన్నాడు.

మా నాయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.